తీపి కల్లు కోసం ఓరుగల్లు వస్తున్నారా? పొద్దు చూసుకుని రండి

ఫోన్లో కనిపించే వీడియోల్లో కల్లు ఎప్పుడూ అమృతమే. తాటాకు రేకలో ఒంపుతారు, తాగినాయన కళ్లు మూసుకుని ‘కొబ్బరి నీళ్ల లెక్కనే ఉంది’ అంటాడు. అది నమ్మి హైదరాబాద్ నుంచి బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికి ములుగు రోడ్డు పక్కన గ్లాసు పట్టుకున్నవాళ్లు మొదటి గుక్కకే మొహం చిట్లిస్తారు. కల్లులో తప్పేం లేదు. ఆ పొద్దుకు అది అట్లాగే ఉంటుంది.

చెట్టు నుంచి కారే నీరు తియ్యనిదే, నూటికి పదికి పైనే చక్కెర ఉంటుంది. కానీ చెట్టుకు కట్టే లొట్టి (కల్లు కుండ) గోడలకు నిన్నటి ఈస్టు అంటుకుని ఉంటుంది కాబట్టి చుక్క పడ్డప్పటి నుంచే పులియడం మొదలు. రెండు మూడు గంటల్లో ఆల్కహాలు నాలుగు శాతం దాకా చేరుతుంది, ఇంకో పూట గడిస్తే వెనిగర్ పులుపు తిరుగుతుంది. ఎండాకాలం ఇదంతా మరీ తొందరగా జరుగుతుంది. కల్లు గీసే గౌడన్నను అడగాల్సింది రెండే ముక్కలు: ‘ఎప్పుడు దించినవన్నా? లొట్టి కడిగినదేనా?’

2006లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి జనానికి ఇచ్చారు. సంగతి ముందే చెప్పినవాళ్లలో ఎక్కువమందికి అది నచ్చలేదు. తాగిన తర్వాత చెబితే మాత్రం, ఏమీ తెలియకుండా తాగినవాళ్లకు నచ్చినంతగా వాళ్లకూ నచ్చింది. కల్లుకు ఈ సంగతి అచ్చంగా సరిపోతుంది. వెంట వచ్చే కొత్తవాళ్లను వాసన పేరు చెప్పి భయపెట్టొద్దు, అమృతమని ఊరించొద్దు. ‘చల్లగా, కొంచెం పుల్లగా, నాలుక మీద చిటపటలాడుతుంది’ అంటే చాలు. ఒట్టి తీపే కావాలంటే ఇంత దూరం రానక్కర్లేదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ ఉంది. నీరాను పులియనివ్వరు, దాని రుచి వేరు.

కాలం కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి పోద్దాడు (మగ తాటి కల్లు), ఎండలు ముదిరాక పండుతాడు (కాయలు కాసే ఆడ తాటి కల్లు). కానీ కల్లుతోపాటు ములుగు వైపున్న లక్నవరం కూడా చూద్దామంటే, అప్పటికి ఆ చెరువు ఒడ్డు కనిపించేంత తగ్గుతుంది, ఫొటోల్లో చూసిన నీళ్లుండవు. రెండూ కలిసొచ్చేది డిసెంబరులో: చెరువు నిండుగా ఉంటుంది, చలికి ఈత కల్లు నిదానంగా పులుస్తుంది, ఆరున్నరకు దించింది ఎనిమిదింటికి కూడా తీపి నిలుపుకుంటుంది. గబ్బిలాలు ముట్టకుండా మూతి కట్టిన బింకి (చిన్న కల్లు కుండ)లోదే తీసుకోండి.

బస విషయంలో మా ఓటు హనుమకొండకే. లక్నవరం దీవి కాటేజీలో రాత్రి బాగుంటుంది, కానీ పొద్దున్నే వేలాడే వంతెన దాటి, బండి తీసి పల్లె చేరేసరికి మండువలో (ఊరి బయట కల్లు దించి పోసే చోట) మొదటి దింపు అయిపోతుంది. హనుమకొండలో పడుకుని అయిదున్నరకు లేస్తే పరకాల, నర్సంపేట వైపు ఏ పల్లెకైనా వేళకు చేరొచ్చు. గదికే తెప్పిస్తామనే హోటల్ మాట నమ్మకండి. ప్లాస్టిక్ డబ్బాలో గంటలు నానిన కల్లు వస్తుంది. లక్నవరం నుంచి తిరుగుదారిలో రామప్ప చూడండి. 1213 నాటి ఆ గుడిలో నీళ్ల మీద తేలే ఇటుకల కోసం వెతికేవాళ్లే ఎక్కువ. అవి పైన విమానంలో ఉన్నాయి, చేతికందవు. నల్లరాతి మదనికల దగ్గర నిలబడండి.

ఊరి మండువకూ పట్నం కల్లు కాంపౌండుకూ (కల్లు దుకాణానికీ) చాలా తేడా. మండువలో గుడ్డతో వడగట్టి, కళ్ల ముందే పోస్తారు. మొదట కొంచెం నీళ్లలాగే ఉండి, పులిసేకొద్దీ పాలలా తెల్లబడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం తాగిన కల్లు తియ్యగా ఉండి, ఆ తీపి నాలుకను వదలకపోతే అందులో సాకరిన్ పడ్డట్టే. ఒక్క గ్లాసుకే నిద్ర ముంచుకొస్తే అక్కడితో ఆపేయండి. క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపే దందా ఉన్నదే, ప్రాణాలు తీస్తుంది. బండి నడిపే మనిషికి మాత్రం ముంజలే.

నంజుకోవడానికి గుడాలు, ఉల్లిగడ్డ చాలు. సీసాలో పోయించుకుంటే ముప్పావు వంతే నింపి మూత వదులుగా పెట్టండి. బిగిస్తే గది చేరకముందే పొంగి ఎగజిమ్ముతుంది.