పాత టాటా 1210లో డీజిల్ మీటర్, వైరింగ్: ఏళ్లపాటు వాడాక నా సమీక్ష

పాత లారీ కొనేటప్పుడు అందరం ఇంజన్ శబ్దం వింటాం, గేర్లు వేసి చూస్తాం, కమాన్ కట్టలు, టైర్లు చూస్తాం. డీజిల్ మీటర్ పనిచేయకపోతే మాత్రం "కర్ర ముంచి చూసుకుందాంలే" అని వదిలేస్తాం. మాది టాటా 1210 ఎస్‌ఈ, 1986 మోడల్. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, అక్కడి నుంచి బియ్యం, తవుడు మోస్తూ ఏళ్లుగా మా ఇంటిని నడుపుతోంది. ఆ బండి గురించి చెప్పాలంటే చాలా ఉంది కానీ, ఇక్కడ రాసేది దాని డీజిల్ మీటర్ గురించి, దాని వెనకున్న వైరింగ్ గురించి మాత్రమే. పాత బండ్ల ఓనర్లు అనవసరంగా డబ్బు పోగొట్టుకునే చోటు ఇదేనని నా నమ్మకం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండితో పాటు వచ్చిన మీటర్ చాలా గట్టిది. మా డ్యాష్‌బోర్డులో ఇప్పటికీ అదే ఉంది. చెడిపోయేవి దాని చుట్టూ ఉన్నవి: ఎర్త్ (కరెంటు బండి ఇనుప ఫ్రేమ్, అంటే చాసిస్ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి), ట్యాంకులోని ఫ్లోట్ యూనిట్ (డీజిల్ మీద తేలుతూ మట్టాన్ని మీటర్‌కు తెలిపే పరికరం), వైర్ల జాయింట్లు. కొత్త మీటర్ కొనడం అన్నీ చూశాక చేయాల్సిన పని. మన దగ్గర మొదట చేసేది అదే.

మా బండిలో ఇబ్బంది ఫిట్‌నెస్ కోసం రంగు వేయించాక మొదలైంది. చాసిస్, ట్యాంకు, ట్యాంకు పట్టీలు అన్నిటికీ స్ప్రే కొట్టారు. బండి కొత్తగా కనిపించింది. కానీ మీటర్ మాత్రం ఉన్న డీజిల్ కంటే ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. తక్కువ చూపిస్తే పెద్ద నష్టం లేదు, కాస్త ముందుగా బంకుకు వెళ్తాం. ఎక్కువ చూపిస్తేనే ప్రమాదం. దేవరకొండ దాటి డిండి వైపు లోడుతో పోతుంటే, ముల్లు పావు ట్యాంకు మీద నిలబడి ఉండగానే ఇంజన్ ఆగిపోయింది. డీజిల్ బండి ఒకసారి ఖాళీ అయితే క్యాన్‌తో తెచ్చి పోయగానే స్టార్ట్ కాదు. లైన్లోకి గాలి చేరుతుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ ధార వచ్చేదాకా ఎయిర్ తీయాలి. పైగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అంతా ఫిల్టర్‌లోకి వస్తుంది. రోడ్డు పక్కన ఎండలో ఆ పని చేస్తున్న డ్రైవర్ పడే టెన్షన్ చూసినవాళ్లెవరూ మీటర్‌ను చిన్న విషయం అనరు.

దగ్గర్లోని బ్యాటరీ షాపులో చూపిస్తే, మూత కూడా విప్పకుండానే "మీటర్ పోయిందన్నా, కొత్తది ఏసుకో" అన్నారు. వేశారు. ఆ మీటర్ గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, బంకులో డీజిల్ పోస్తుంటే దాని ముల్లు కిందికి దిగింది! ట్యాంకు నిండే కొద్దీ ఖాళీ వైపు పోయింది. మీటర్ చెడ్డదేమీ కాదు, మా ట్యాంకులోని యూనిట్‌కు జోడీ కాదు, అంతే. ఫ్లోట్ పైకీ కిందికీ కదిలినప్పుడు యూనిట్‌లో నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మారుతుంది. దాన్ని ఓమ్స్‌లో కొలుస్తారు. ఆ మార్పును బట్టే మీటర్ ముల్లు కదులుతుంది. మా బండి యూనిట్ ఖాళీ దగ్గర దాదాపు 10 ఓమ్స్, నిండుగా ఉన్నప్పుడు 180 దాకా చూపిస్తుంది. యూరప్ పద్ధతి మీటర్లు ఎక్కువగా ఈ లెక్కలో ఉంటాయి. అమెరికా పద్ధతిలో ఖాళీకి 240, నిండుకు 33. అంటే పూర్తిగా తలకిందులు. ఒక లెక్క యూనిట్‌కు ఇంకో లెక్క మీటర్ పెడితే ఎంత ఖరీదైనదైనా తప్పే చూపిస్తుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, బోల్టు రంధ్రాలు కూడా కలుస్తాయి. అందుకే కౌంటర్ మీద చూసి గుర్తుపట్టలేం.

తర్వాత నల్లగొండలో ఒక పెద్ద వయసు వైరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పాత మీటర్‌నే మళ్లీ బిగించమన్నాడు. "మీటర్ ముట్టకు బిడ్డా, ముందు ట్యాంకు కాడికి పోదాం పా" అన్నాడు. ఆయన చేసిన పరీక్ష ప్రతి పాత బండి ఓనర్‌కూ తెలిసి ఉండాలి. కీ ఆన్ చేసి, ట్యాంకు యూనిట్ మీది వైరు పీకాడు. మాలాంటి 10–180 రకంలో వైరు విడిగా ఉంటే ముల్లు నిండు వైపు పోవాలి, చాసిస్‌కు తాకిస్తే ఖాళీ వైపు రావాలి. రెండో రకంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. మా ముల్లు రెండు వైపులా చక్కగా కదిలింది. అంటే మీటర్ మంచిదే, అక్కడిదాకా వచ్చే వైరూ మంచిదే. తప్పు యూనిట్‌లో ఉండాలి, లేదా దాని ఎర్త్‌లో ఉండాలి. ముల్లు కదలకపోతే ఇదే పరీక్ష మీటర్ వెనక చేయాలి. అక్కడ కదిలితే మధ్యలో వైరు తెగినట్టు. అక్కడా కదలకపోతే మీటర్‌కు కరెంటు వస్తోందా, దాని ఎర్త్ బాగుందా చూడాలి. అవి కూడా సరిగ్గా ఉంటేనే మీటర్ మీద అనుమానపడాలి. ఒక జాగ్రత్త: మెల్లగా లేచే పాత రకం మీటర్లలో లోపల వేడెక్కే పట్టీ ఉంటుంది. అలాంటి వాటికి వైరును ఒకటి రెండు సెకన్ల కంటే ఎక్కువ ఎర్త్ చేసి ఉంచకూడదు, కాలిపోతుంది.

మా అసలు జబ్బు ఎర్త్. ట్యాంకు రబ్బరు పట్టీల మీద కూర్చుంటుంది. దాన్ని పట్టుకునే ఇనుప పట్టీల కింద కూడా రబ్బరే. ఇన్నేళ్లూ ఏదో ఒక బోల్టు దగ్గర ఇనుము ఇనుముకు తగిలి ఎర్త్ దొరికింది. కొత్త రంగు ఆ సందును కూడా మూసేసింది. ఎర్త్ సరిగ్గా లేకపోతే అదనంగా నిరోధం చేరినట్టే. మా రకం మీటర్లో నిరోధం పెరిగితే డీజిల్ పెరిగినట్టు చూపిస్తుంది. మేస్త్రీ యూనిట్ అంచు నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కు ఒక వైరు పట్టుకోగానే ముల్లు కిందికి వచ్చి, కర్ర కొలతతో సరిపోయింది. యూనిట్ స్క్రూ కింద లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్క) పెట్టి, చాసిస్ మీద రంగు గీకిన చోట బోల్టు బిగించి, ఆ వైరును శాశ్వతం చేశాడు. గీకిన చోట గ్రీజు రాశాడు, తుప్పు పట్టకుండా. మొత్తం పనిలో మాకు బాగా ఉపయోగపడింది ఈ ఒక్క వైరే. ఏళ్లు గడిచినా దానికి చేయి పెట్టాల్సిన అవసరం రాలేదు.

క్యాబిన్ ఎర్త్ రెండోది. ఇండికేటర్ వేస్తే దానితో పాటు డీజిల్ ముల్లు కూడా ఊగుతుంటే, హెడ్‌లైట్ వేస్తే ముల్లు జరుగుతుంటే, మీటర్ బోర్డుకు ఎర్త్ చాలడం లేదని అర్థం. క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద ఉంటుంది కాబట్టి క్యాబిన్ నుంచి చాసిస్‌కు అల్లిన రాగి పట్టీ ఉండాలి. మాది సగం పోగులు తెగిపోయి, మిగిలినవి నల్లబడి ఉంది. మార్చాం. ముల్లు ఊగడం ఆగింది, హెడ్‌లైట్ల వెలుగు కూడా పెరిగింది.

కొంతకాలానికి యూనిట్ కూడా మార్చాల్సి వచ్చింది. సగం కంటే కిందికి వచ్చాక ముల్లు ఎగిరెగిరి పడేది. విప్పి, ఓమ్స్ కొలిచే మల్టీమీటర్ పెట్టి చేతితో ఫ్లోట్‌ను మెల్లగా లేపితే అంకె సాఫీగా పెరగాలి. మాది మధ్యలో తెగిపోయి మళ్లీ వచ్చేది. లోపలి సన్నని తీగ చుట్ట మీద కాంటాక్ట్ రాసుకుని రాసుకుని అక్కడే అరిగింది. ఎప్పుడూ సగం ట్యాంకు లోపే నడిపే బండ్లలో కింది సగమే ముందు అరుగుతుంది. ఇత్తడి ఫ్లోట్ ఉన్నవాళ్లు దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల డీజిల్ చప్పుడైతే చిల్లు పడినట్టే. ఫ్లోట్ మునిగిపోయి, ట్యాంకు నిండా ఉన్నా మీటర్ ఖాళీ చూపిస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డీజిల్ అంటుకోదనే ధీమా వద్దు. మన దేశ ప్రమాణం ప్రకారం డీజిల్ ఆవిరి నిప్పుకు అంటుకునే స్థాయి కనీసం 35 డిగ్రీలు ఉండాలి, అంతే. నల్లగొండ మే నెలలో గాలి వేడే 40 దాటిపోతుంది, ఎండలో నిలబెట్టిన ట్యాంకు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. యూనిట్ విప్పేటప్పుడు బ్యాటరీ వైరు తీసేయండి. వైరును చాసిస్‌కు తాకించే పరీక్ష యూనిట్ ట్యాంకుకు బిగించి ఉన్నప్పుడే, అదీ ట్యాంకు మూతికి దూరంగా చేయండి. దగ్గర బీడీ కాల్చేవాళ్లను పంపించేయండి. ట్యాంకును శుభ్రం చేయకుండా వెల్డింగ్ చేయనివ్వకండి.

ఇక వైరింగ్. వడ్ల సీజన్‌లో మిల్లు ముందు బండ్లు రాత్రంతా లైన్లో ఉంటాయి. అక్కడి ఎలుకలు గింజలతో ఆగవు, డ్యాష్‌బోర్డు వెనక గూడు కడతాయి. మా మీటర్ వైరు పైతొడుగు కొరికి రాగిని బయట పెట్టాయి. దానికి తోడు ఏళ్లుగా ఒక్కొక్కరు ఒక్కో జాయింట్ వేశారు. టేప్‌రికార్డర్‌కు, రంగు లైట్లకు, గాలి హారన్‌కు అన్నీ మీటర్ ఫ్యూజ్ నుంచే కరెంటు లాగారు. ఫ్యూజ్ తరచూ పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టారు. ఫ్యూజ్ ఉన్నదే వైరు కాలకుండా ముందు తాను తెగిపోవడానికి. అది తీసేసి తీగ చుట్టడమంటే బండికి నిప్పు పెట్టుకోవడమే.

మొత్తం పీకేసి కొత్తగా వేయించాం. ముందు రెడీమేడ్ కిట్ ఒకటి చూశాం. వైరు చివర బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. వద్దన్నాం. మంచి రాగి వైరు తెచ్చి చేతితో కట్టించుకున్న వైరింగ్ ఖరీదు ఎక్కువే, మేస్త్రీకి సమయమూ పట్టింది, కానీ నిలబడింది. జాయింట్లను లగ్గులు నొక్కి వేయించాం, టంకం వద్దన్నాం. టంకం పెట్టిన చోట వైరు బిగుసుకుపోయి, లారీ అదురుకు ఆ అంచు దగ్గరే తెగుతుంది. లైట్లకు, మీటర్లకు వేరువేరు ఫ్యూజ్‌లు. చాసిస్ వెంట పోయే వైర్లకు ముడతల గొట్టం, సైలెన్సర్‌కు దూరంగా. ఆ గొట్టం రాపిడిని ఆపింది, ఎలుకలను మాత్రం ఆపలేదు. సీజన్‌లో ప్రతి వారం డ్యాష్‌బోర్డు వెనక తడిమి చూసుకోవడం తప్పడం లేదు.

ఇప్పుడు మీటర్ ఎలా ఉందంటే, నమ్మదగ్గట్టు ఉంది. నిండు దగ్గర కాసేపు కదలదు, సగం దాటాక త్వరగా దిగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త అటూ ఇటూ పోతుంది. నిండు దగ్గర కదలకపోవడానికి కారణం, కొత్త యూనిట్‌లో ఫ్లోట్‌ను పట్టుకునే చేయి మా ట్యాంకు లోతుకు కొంచెం పొట్టిది కావడం. చేయిని వంచి సరిచేసినా పూర్తిగా కుదరలేదు. కాబట్టి యూనిట్ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. చేయి పొడవు కొలవండి. రెండు చివర్లా ఓమ్స్ షాపులోనే చూపించమనండి. మీ బండి 12 వోల్టులదో 24 వోల్టులదో చెప్పి మరీ మీటర్ అడగండి.

పాత లారీ కొనబోతున్నవాళ్లకు ఇంకొకటి. కీ ఆన్ చేసి, ముల్లును చూస్తూ హెడ్‌లైట్, ఇండికేటర్, హారన్ ఒక్కొక్కటిగా వేయండి. ముల్లు కదిలితే ఎర్త్ పని ఉంది, అది చిన్న ఖర్చు. తర్వాత ఫ్యూజ్ బాక్స్ మూత తీయండి. లోపల ఫ్యూజ్‌లకు బదులు తీగలు చుట్టి ఉంటే ఆ బండికి మొత్తం వైరింగ్ చేయించాలి. ఆ లెక్క ధరలో తగ్గించి అడగండి.