ముప్పు ఎక్కువగా ఉన్న మగవారికి రొమ్ము క్యాన్సర్ పరీక్ష: చేతితో చూడటం మేలా, మామోగ్రామ్ మేలా?

దేవరకొండ దగ్గర ఉండే మా పెద్దనాన్నకు ఎడమ చనుమొన కింద శనగగింజంత గడ్డ చేతికి తగిలినప్పుడు, పత్తి బస్తాలు మోసిన దెబ్బేమోనని ఏడాదిన్నర ఊరుకున్నారు. మొదట చూపించుకున్న చోట కొవ్వుగడ్డ అని బిళ్లలిచ్చి పంపారు. మా మేనత్తకు 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చిన సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ గడ్డ క్యాన్సరని తేలిన తరువాత, ఆయన కొడుకులకు ఏ పరీక్ష చేయించాలన్న ప్రశ్న మా ఇంట్లో మొదలైంది.

మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవారికి వచ్చేవి సుమారు నూటికి ఒకటి మాత్రమే కాబట్టి మగవారందరికీ పరీక్షలు అక్కరలేదు. అయితే వంశపారంపర్యంగా వచ్చే బీఆర్‌సీఏ2 జన్యు లోపం ఉన్న మగవారిలో నూటికి సుమారు ఏడుగురికి జీవితకాలంలో ఈ జబ్బు వస్తుంది. బీఆర్‌సీఏ1 లోపమైతే ఆ లెక్క నూటికి ఒకటి దాకా ఉంటుంది. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (మగవారిలో పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండటం) ఉన్నవారికి, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారికి కూడా ముప్పు హెచ్చుగానే ఉంటుంది.

ముందుగా చేతి పరీక్ష సంగతి చూద్దాం. మగవారి రొమ్ములో కణజాలం తక్కువ, గడ్డ ఎక్కువగా చనుమొన కిందనే పుడుతుంది, కనుక నెలకొకసారి స్నానం చేసేటప్పుడు రెండు వైపులా, చంకల్లోనూ తడుముకుంటే చిన్న గడ్డ కూడా తెలిసే అవకాశముంది. నొప్పి లేని గట్టి గడ్డ, చనుమొన లోపలికి లాగుకుపోవడం, పుండు పడటం, రసి లేదా రక్తం కారడం కనిపిస్తే ఆగకూడదు. బీఆర్‌సీఏ లోపం ఉన్న మగవారు 35 ఏళ్ల నుంచి ఇలా చూసుకోవడంతో పాటు ఏడాదికొకసారి డాక్టరు చేత చూపించుకోవాలని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీనికి యంత్రం అక్కరలేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో సర్జరీ ఓపీకి వెళ్తే చాలు. లోపమల్లా, చేతికి తగలక ముందున్న దశను ఇది పట్టలేదు.

ఆ దశను పట్టగలిగేది మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. 2019లో న్యూయార్క్ నుంచి వెలువడిన ఒక అధ్యయనం మామోగ్రామ్ తీయించుకున్న 1869 మంది మగవారి వివరాలను పరిశీలించగా, ముప్పు ఎక్కువని ముందుజాగ్రత్తగా తీసిన వెయ్యి పరీక్షలకు 18 క్యాన్సర్లు బయటపడ్డాయి. సాధారణ స్త్రీలలో అది వెయ్యికి 3 నుంచి 5 మాత్రమే. ఈ అంకె బలమైనదే కానీ, ఆ మగవారిలో ఇదివరకే ఒకసారి రొమ్ము క్యాన్సర్ వచ్చినవారూ ఉన్నారు కాబట్టి దాన్ని మన కుటుంబాలకు నేరుగా అన్వయించకూడదని నా అభిప్రాయం. పైగా మామోగ్రామ్ వల్ల మగవారిలో మరణాలు తగ్గుతాయని నిరూపించిన పెద్ద ప్రయోగమేదీ లేదు. అనుమానం వస్తే ముక్క పరీక్ష (బయాప్సీ) దాకా వెళ్లాలి, ఆ లోపు ఇల్లంతా దిగులే. అందుకే 50 ఏళ్లు దాటిన బీఆర్‌సీఏ2 లోపమున్నవారికి, ముఖ్యంగా రొమ్ము పెరిగినవారికి, ఏడాదికొక మామోగ్రామ్ సబబుగా తోస్తుంది. ముప్ఫైలలో ఉన్నవారిని దానికోసం నూరు కిలోమీటర్లు హైదరాబాద్‌కు తిప్పడం నాకు సబబనిపించదు.

అల్ట్రాసౌండ్ స్కానింగ్ గురించి రెండు మాటలు చాలు: గడ్డ దొరికాక దాని తీరు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, ఏమీ లేనప్పుడు ఏటా తీయించడానికి కాదు.

వీటన్నిటికంటే ముందు చేయించవలసింది రక్తంతో జరిగే జన్యు పరీక్ష, అదీ జబ్బు వచ్చిన మనిషికే మొదట. పెద్దనాన్నలో లోపం కనబడితే ఆయన కొడుకులకూ కూతురికీ అది అందే అవకాశం ఒక్కొక్కరికి సగం సగం. ఈ జబ్బు తల్లి వైపు నుంచే వస్తుందని అనుకోవడం వల్లనే మేనత్త సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. లోపం అందినవారికి 35 నుంచి చేతి పరీక్ష, బీఆర్‌సీఏ2 అయితే మగవారికి 40 నుంచి ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ పరీక్ష, 50 దాటాక మామోగ్రామ్ కూడా అవసరం. కూతురికైతే వేరే, ఇంకా ముందే మొదలయ్యే పరీక్షలు ఉంటాయి. ఆయనలో దొరికిన లోపం ఏ బిడ్డకు అందలేదో, ఆ బిడ్డకు ఈ ప్రత్యేక పరీక్షలు అవసరముండవు.