నైనీతాల్‌లో ఎండ వెంట ఒక మధ్యాహ్నం

రూమ్ బుక్ చేసేటప్పుడు సరస్సు కనిపిస్తుందా అని రెండుసార్లు ఫోన్ చేసి మరీ అడిగాను. ఎండ వస్తుందా అని అడగలేదు. నవంబరులో నైనీతాల్ వెళ్లేవాళ్లు అడగాల్సింది ఆ రెండోదే.

మా హోటల్ అయార్‌పట్టా కొండ వాలు మీద ఉంది. సరస్సు బాగానే కనిపించింది, కాదనను. ఎండ మాత్రం పొద్దున కాసేపు వరండాలో పడి, మధ్యాహ్నానికల్లా కొండ వెనక్కి జారుకుంది. ఎదుటి గట్టున మాల్ రోడ్డు మీద జనం స్వెట్టర్లు విప్పి చేతి మీద వేసుకుని తిరుగుతున్నారు. మేం రజాయి కప్పుకుని వాళ్లను చూస్తున్నాం. హీటర్‌కి రోజుకి వేరే డబ్బులట, ఆ సంగతి ముందు చెప్పలేదు. వేడినీళ్లు పొద్దున రెండు గంటలే.

"ఇంత డబ్బు పోసి ఎదుటివాళ్ల ఎండ చూడ్డానికి వచ్చామట్రా?" అంది అమ్మ, శాలువా తీసుకుంటూ. "పద, అక్కడికే పోదాం."

ఆ రోజు కార్తీక సోమవారం. అమ్మకి చుక్క కనిపించేదాకా భోజనం లేదు, పొద్దున్నుంచి టీ మీదే ఉంది. అందుకే కింద తల్లీతాల్‌లో ఒక చిన్న భోజనం కొట్టు దగ్గర ఆగి, సాయంత్రానికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా అన్నం, ఆలూ గుట్కే చేసి పెడతావా అని నా వచ్చీరాని హిందీలో అడిగాను. ఉడికించిన బంగాళాదుంపల్ని ఎండుమిర్చి, జఖియా గింజల తిరగమోతలో వేయించే వంట అది, నైనీతాల్ ఉన్న ఈ కుమావూ ప్రాంతానిది. "మాతాజీ వ్రతమా?" అని అడిగి కొట్టతను వెంటనే ఒప్పుకున్నాడు.

సరస్సుకి దిగువ కొస తల్లీతాల్, ఎగువ కొస మల్లీతాల్. కుమావూ భాషలో తల్లీ అంటే కింద, మల్లీ అంటే పైన. అమ్మకిదేం పట్టలేదు. "తల్లీ, మల్లీ... అక్కాచెల్లెళ్ల పేర్లలా ఉన్నాయి" అని నవ్వింది.

ఈ రెండింటి మధ్యా నడవడానికి రెండు దారులున్నాయి. దుకాణాలు, హోటళ్లు, హారన్లు ఉన్న మాల్ రోడ్డు ఒకటి. అయార్‌పట్టా కొండ పాదం వెంట, నీళ్లకి ఆనుకుని సాగే ఠండీ సడక్ రెండోది. పేరుకి తగ్గట్టే చల్ల రోడ్డు, మధ్యాహ్నం రెండుకే పూర్తిగా నీడలో ఉంది. వాహనాలు లేవు. కాళ్ల కింద ఆకులు, పక్కన నీళ్లు, మధ్యలో రాతికి సింధూరం పూసి కొలిచే పాషాణ్ దేవి గుడి. ఊళ్లో నాకు బాగా నచ్చిన నడక ఇదే, కానీ రెండు దాటాక అయితే మంకీ క్యాప్ ఉండాలి. అమ్మ మోకాళ్ల నొప్పితో మూడుచోట్ల కూర్చున్నా, దారి చదునుగా ఉండబట్టి ఇబ్బంది పడలేదు.

ఆ దారి నైనాదేవి గుడి దగ్గర తేలుతుంది. సతీదేవి కళ్లు ఇక్కడ పడ్డాయని నమ్మకం, ఊరికి పేరు అలాగే వచ్చింది. అమ్మ హైదరాబాద్ నుంచి నేతిలో తడిపి డబ్బాలో పెట్టుకొచ్చిన వత్తులు తీసింది. చలికి నెయ్యి గడ్డకట్టి డబ్బాకి అతుక్కుపోయింది. అరచేతుల మధ్య పెట్టుకుని అయిదు నిమిషాలు వేడి చేస్తే గానీ ఒక్క వత్తి ఊడిరాలేదు. దీపం నీళ్లలో వదలాలని ఆవిడ ఆశ. ఊరు తాగే నీళ్లు ఇవేనమ్మా అంటే మారు మాట్లాడకుండా గుళ్లోనే వెలిగించింది.

గుడి పక్కన పెద్ద మైదానం, ఫ్లాట్స్ అంటారు. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. 1880 సెప్టెంబరు 18న ఎడతెగని వానకి కొండ విరిగిపడి 151 మంది పోయారు. పాత గుడీ అందులోనే పోయింది. ఆ రోజు జారిన మట్టీ రాళ్లూ పరుచుకోబట్టే ఈ మైదానం ఇంత అయింది. ఆ సంగతి తెలిశాక అక్కడ నిలబడి పల్లీలు తినడం కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

పడవల రేవు దగ్గర రేట్ల బోర్డు ఉంది, బేరం అక్కర్లేదు. సగం చుట్టు, పూర్తి చుట్టు అని రెండు రకాలు. సగం చాలు. తెడ్డు పడవే ఎక్కండి, పెడల్ బోటులో కాళ్ల నొప్పి తప్ప ఏం మిగలదు. లైఫ్ జాకెట్ ఇస్తారు, మా అమ్మదానికి ఒక బకిల్ పనిచేయకపోతే అడగ్గానే మార్చారు. పడవ నీడలోంచి ఎండలోకి దాటుతుంటే ఒడిలో గీత గీసినట్టు తెలిసింది. ఒకచోట నీళ్లు గుండ్రంగా బుడబుడలాడుతున్నాయి. "చేపలా?" అంది అమ్మ. కాదట. సరస్సులో ప్రాణవాయువు తగ్గిపోతోందని 2007 నుంచి అడుగున గొట్టాలు వేసి గాలి పంపుతున్నారు. "పాపం, ఆక్సిజన్ మీదుందన్నమాట" అంది, ఆస్పత్రిలో ఎవరినో చూసినట్టు.

స్నో వ్యూ అనే కొండ మీదికి రోప్‌వే ఆ పూట ఎక్కలేదు. మధ్యాహ్నానికి దూరంగా మంచుతెర కమ్మేస్తోంది, టికెట్ డబ్బులకి కింద చూసిన సరస్సే పైనుంచి మళ్లీ కనిపిస్తుంది. మర్నాడు పొద్దున తెరవగానే వెళితే త్రిశూల్, 7,816 మీటర్ల నందాదేవి తేటగా కనిపించాయి. ఇక టాక్సీవాళ్లు అమ్మే "పాయింట్ల" టూరు మీ ఇష్టం. రోడ్డు పక్కన ఆపి, ఫోటో తీసుకోండి అంటారు, అంతే. ఆ డబ్బుతో దగ్గర్లోని సాత్‌తాల్ సరస్సులకి ఒక పూట వెళ్లడం నయం.

భోటియా బజార్‌లో అమ్మ తినకుండానే బాల్ మిఠాయి అరకిలో కొంది. కోవాని ముదురు రంగు వచ్చేదాకా వేయించి, దానికి హోమియో మాత్రలు అంటించినట్టు ఉంటుంది. తీపి ఎక్కువే, అయినా నేను నాలుగు తిన్నాను. రంగురంగుల మైనపు కొవ్వొత్తుల షాపులు వరసగా ఉన్నాయి. అమ్మ ఒకటి చేత్తో పట్టుకుని చూసి, "దీపమంటే నూనె ఉండాలి" అని పెట్టేసింది.

నాలుగింటికి మాల్ రోడ్డు మీద కూడా ఎండ పోయింది. తిరుగు దారికి ఈ-రిక్షా. క్యూలో పావుగంట పట్టింది, కానీ చవక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇంతకు మించిన సేవ ఈ ఊళ్లో లేదు. చిల్లర దగ్గరుంచుకోండి. దారిలో దిగి, మాల్ రోడ్డు పై వాలులో ఒక గెస్ట్‌హౌస్ చూసి మర్నాటికి మాట్లాడుకున్నాం. లిఫ్ట్ లేదు, అరవై మెట్లు ఎక్కాలి, టీవీ కూడా లేదు. ఎండ ఎంతదాకా ఉంటుందని అడిగితే గెస్ట్‌హౌస్ ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి చూడమంది. అయిదు దాటినా గోడ ఇంకా గోరువెచ్చగానే ఉంది.

తల్లీతాల్‌లో కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాం. సూర్యుడు కొండ చాటుకి పోయి గంటన్నర అయినా ఆకాశం మాత్రం చీకటి పడనంటోంది. లోపల తిరగమోత వాసన.

"అమ్మా, అదిగో చుక్క."

"అది ఎవరింటి లైటో రా."

ఇంకోటి చూపించాను. అదీ లైటే. కొండ పొడుగునా ఒక్కొక్కటే వెలుగుతుంటే ఏది ఇల్లో ఏది చుక్కో తేలడం లేదు. చివరికి ఆవిడే కనిపెట్టింది, సరిగ్గా మా హోటల్ ఉన్న కొండ నెత్తిన. దణ్ణం పెట్టుకుని, కళ్లు తెరుస్తూనే, "అన్నం వేడిగా ఉన్నప్పుడే పెట్టమను" అంది.