బేరమాడటం నేర్పే రెండు రోజుల శిక్షణ: మొదటి రోజుకైతే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు

12 ఏళ్లుగా పర్చేజ్ విభాగంలో ఉన్నాను. సప్లయర్లతో బేరమాడటమే నా ఉద్యోగం. ఆఫీసువాళ్లు ఈ శిక్షణకు పంపితే, నాకు కొత్తగా ఏం నేర్పుతారులే అనుకుంటూనే వెళ్లాను.

మొదటి పూటే పొగరు దిగింది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి చెరో చీటీ ఇచ్చారు. నాదాంట్లో ‘వేరే సప్లయర్ కొటేషన్ నీ చేతిలో ఉంది, గడువూ బోలెడుంది’ అని రాసుంది. ఇంకేం, ఆ కాగితం బల్లమీద కొట్టి, "8 శాతం తగ్గిస్తే ఉండండి, లేదంటే లేవండి" అన్నాను. ఆయన నిజంగానే లేచాడు. తర్వాత చీటీలు మార్చుకుని చూస్తే, ఆయనదాంట్లో ‘10 శాతం దాకా తగ్గొచ్చు, చిన్నబుచ్చితే మాత్రం ఒప్పుకోవద్దు’ అని ఉంది! ట్రైనర్‌గారు ఒక్కటే మాటన్నారు: "కొటేషన్ ఉందని ఆయనకు తెలిస్తే చాలదా? మొహాన కొట్టాలా?"

మిగతా ఆటలు కూడా బాగానే ఉన్నాయి. నాకు మాత్రం ఆ చీటీ ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

రెండో రోజే పేచీ. 1962 క్యూబా క్షిపణి సంక్షోభం మీద, అంటే సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో అమెరికాతో వచ్చిన తగువు మీద, గంటన్నర స్లైడ్లు. వైమానిక దాడి చేద్దామని సైన్యాధికారులు పట్టుబట్టినా అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఓడల్ని అడ్డం పెట్టడం, దిగ్బంధం అంటే యుద్ధానికి దిగినట్టే కాబట్టి దానికి ‘క్వారంటైన్’ అని పేరు పెట్టడం, ఇంతవరకూ చక్కగా చెప్పారు. తీరా ఆఖరి స్లైడ్ మీద సోవియట్ అధినేత గురించి పెద్ద అక్షరాలతో ‘క్రుశ్చేవ్ తోక ముడిచాడు’!

అంతేనా? టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణుల్ని తీసేస్తామని అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌కు గుట్టుగా ఇచ్చిన మాట ఏమైంది? క్యూబా మీదికి దండెత్తబోమన్న హామీ ఏమైంది? మర్నాడే కదా క్రుశ్చేవ్ క్షిపణుల్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది! విరామంలో ఇదే అడిగితే, "అదంతా చెబితే జనం తికమకపడతారండీ" అన్నారు. ముందురోజు నాకు గడ్డిపెట్టిన మనిషి ఈయనేనా అనిపించింది.

మా జూనియర్లిద్దర్నీ వచ్చే బ్యాచ్‌కు పంపాలనుకుంటున్నాను, మొదటి రోజుకు మాత్రమే. ఒక్కరోజుకొచ్చినా ఫీజు మొత్తం కట్టాల్సిందేనంటున్నారు. ఇంకో శిక్షణ సంస్థ కొటేషన్ నా దగ్గరుంది. ఇంకా బయటకు తీయలేదు.