వాలిపోతున్న మిరప నారు: కాపాడుకోవడమా, మళ్ళీ విత్తడమా? ఏది మేలు?

న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి చలి రాష్ట్రాల్లో ఉండే మనవాళ్ళు పెరట్లో పచ్చిమిర్చి, వంకాయ పండించాలంటే ఫిబ్రవరి, మార్చిలోనే ఇంటి లోపల నారు పోసుకోవాలి. బయట మంచు భయం తీరి నేల వెచ్చబడేసరికి మే నెల వస్తుంది. మిరప విత్తనం నాటే నారుగా ఎదగడానికి ఎనిమిది నుంచి పది వారాలు కావాలి. అందుకే మార్చి రాగానే, మొదటిసారి నారు పోసినవాళ్ళ నుంచి ఫోటోలు మొదలవుతాయి. దారంలా సాగి పక్కకు ఒరిగిన మొక్క, పసుపు తిరిగిన ఆకు, మొలిచి వారాలైనా రెండాకుల దగ్గరే ఆగిపోయిన మొలక. అందరూ అడిగేది ఒకటే: "దీనికి ఏం వెయ్యాలండీ?"

ఏమీ వెయ్యకండి. ఇంటి లోపల నారు చనిపోయేది ఆకలితో కాదు. వెలుగు చాలక, నీళ్ళు ఎక్కువై చనిపోతుంది. ఈ రెండూ సరిచేయకుండా ఎరువు వేస్తే ఉన్న కాస్త వేరూ మాడిపోతుంది. కాబట్టి దేన్ని మార్చాలి, దేన్ని వదిలెయ్యాలి, ఏ మొక్క మీద ఆశ పెట్టుకోవాలి అన్నవి విడివిడిగా చూద్దాం.

ముందు కాండం మొదలు చూడండి

ఆకుల కంటే ముందు, కాండం మట్టిని తాకే చోటు చూడండి. అక్కడ గోధుమ రంగు తిరిగి, నొక్కినట్టు సన్నబడి, మెత్తగా నీరుకారుతూ ఉంటే అది నారుకుళ్ళు తెగులు. గుంటూరు వైపు నారుమళ్ళలో రైతులు భయపడేదీ దీనికే. పిథియం, రైజోక్టోనియా లాంటి తెగులు సూక్ష్మజీవులు తడి మట్టిలో, గాలి ఆడని చోట పెరుగుతాయి. సాయంత్రం బాగున్న మొలక తెల్లారేసరికి నేలకొరుగుతుంది. ఇలాంటి మొక్కను కాపాడే మందు లేదు. దాల్చినచెక్క పొడి చల్లమనీ, పసుపు చల్లమనీ చాలామంది చెబుతారు. కుళ్ళిన కాండం వాటితో తిరిగి రాదు. నారు ట్రేలో ఆ గడి మట్టితో సహా తీసి బయట పారేయడమే మేలు. ట్రే మళ్ళీ వాడాలనుకుంటే ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి కడిగి ఆరబెట్టండి. పక్క గడుల్లో మొలకలు బాగానే ఉంటే వాటి మీది ప్లాస్టిక్ మూత వెంటనే తీసేయండి.

కాండం మొదలు పచ్చగా గట్టిగా ఉండి, మొక్క సన్నగా సాగి వాలిందనుకోండి, అది జబ్బు కాదు. వెలుగు వెతుక్కుంటూ పెరిగిన మొక్క. దీన్ని కాపాడుకోవచ్చు. అయితే ఎంతవరకు అన్నది పంటను బట్టి మారుతుంది. టమాటా అయితే మొదటి రెండాకుల దాకా కాండాన్ని మట్టిలో పూడ్చి వేరే కప్పులో నాటండి. పూడ్చిన కాండం పొడవునా కొత్త వేళ్ళు వస్తాయి, మొక్క ముందుకంటే బలంగా తయారవుతుంది. మిరపకీ వంకాయకీ ఆ గుణం అంతగా లేదు. వాటిని కొద్దిగా, అంటే అర అంగుళం లోతు పెంచి, చుట్టూ మట్టి ఎగదోసి నిలబెట్టొచ్చు. అంతకు మించి పూడిస్తే తడిలో కాండం కుళ్ళే ప్రమాదం ఎక్కువ. దోస, బీర, సొరల జోలికి అసలు వెళ్ళకండి. వాటిని లోతుగా పూడ్చడం కంటే మళ్ళీ విత్తడం తేలిక, వెచ్చటి మట్టిలో త్వరగానే మొలుస్తాయి.

కాబట్టి సాగిపోయిన టమాటాను ఉంచుకోండి. సాగిపోయిన మిరప రెండు మూడు అంగుళాల లోపు ఉంటే వెలుగు పెంచి ఉంచుకోండి. మార్చి మూడో వారం దాటకముందు మిరప నారు కుళ్ళిపోయినా, నిలబడలేనంతగా సాగిపోయినా మళ్ళీ విత్తండి. న్యూజెర్సీలో మే మధ్యలో నాటడానికి ఇంకా ఎనిమిది వారాలు మిగిలే ఉంటాయి. ఆగిపోయిన మొక్కను నెల రోజులు బతిమాలడం కంటే కొత్త విత్తనం వెచ్చటి మట్టిలో మొలిచి దాన్ని దాటిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. మనసు ఒప్పదు, నాకు తెలుసు. ఊరి నుంచి వచ్చిన విత్తనం, ఇంట్లో పిల్లలు పేరు పెట్టుకున్న మొక్క. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదానికే నా ఓటు.

కిటికీయా, లైటా?

నారు సాగడానికి అసలు కారణం ఇక్కడ ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మన ఊళ్ళో నారు పోసేది జూలై, ఆగస్టుల్లో. షేడ్‌నెట్ కింద పెంచినా అన్ని వైపుల నుంచీ పన్నెండు గంటలకు పైగా వెలుగు పడుతుంది. ఫిబ్రవరి మధ్యలో న్యూజెర్సీలో పగలే పదిన్నర గంటల చిల్లర. సూర్యుడు దక్షిణాన కిందుగా పోతాడు, మబ్బు రోజులు సరేసరి. దక్షిణపు కిటికీలో నేరుగా ఎండ పడేది కొన్ని గంటలే, అదీ ఒక్క వైపు నుంచే. ఉత్తరపు కిటికీ నారుకు పనికిరాదు. పైగా ఇంట్లో హీటర్ వల్ల వెచ్చగా ఉంటుంది. వెచ్చదనం ఎక్కువ, వెలుగు తక్కువ అయితే మొక్క ఆకు మానేసి కాండం సాగదీస్తుంది. కుండీని రోజూ తిప్పితే వంపు పోతుంది గానీ సాగడం ఆగదు.

కిటికీకి ఇంకో లోపం రాత్రి చలి. గది 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ ఉన్నా, అద్దం పక్కన కుండీ మట్టి అంతకంటే బాగా చల్లబడుతుంది. చల్లటి మట్టిలో వేరు భాస్వరం సరిగా తీసుకోలేదు. టమాటా ఆకు అడుగున ఊదా రంగు రావడానికి మార్చిలో ఎక్కువగా ఇదే కారణం. దానికి భాస్వరం ఎరువు కొనేవాళ్ళున్నారు. కుండీని కిటికీ నుంచి జరిపితే చాలు.

లైటు అంటే ఖరీదైన ఊదా రంగు గ్రో లైటే కానక్కర్లేదు. హార్డ్‌వేర్ స్టోర్లో గ్యారేజీ కోసం అమ్మే నాలుగు అడుగుల తెల్ల ఎల్‌ఈడీ షాప్ లైటు, డబ్బా మీద 5000 నుంచి 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) మధ్య ఉన్నది, నారుకు సరిపోతుంది. ఇరవై నుంచి నలభై డాలర్లు. 40 వాట్ల లైటు రోజుకు 15 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు, బిల్లులో తెలియనంత. ముఖ్యమైనది లైటు రకం కంటే దాని ఎత్తు. ఆకులకు నాలుగు నుంచి ఆరు అంగుళాల పైన ఉండాలి. దూరం పెరిగేకొద్దీ వెలుగు చకచకా పడిపోతుంది. సీలింగుకు వేలాడదీసి "లైటు పెట్టినా సాగుతోంది" అనేవాళ్ళు గొలుసు కిందికి దించితే వారంలో తేడా చూస్తారు. ఆకు అంచులు పైకి మడుచుకున్నా, రంగు వెలిసినా రెండంగుళాలు ఎత్తండి.

ఎంతసేపు? 14 నుంచి 16 గంటలు. రాత్రంతా కూడా వేసి ఉంచితే ఇంకా త్వరగా పెరుగుతుందని కొందరు ఆపరు. టమాటా, వంకాయలకు 24 గంటల వెలుగు పడదు, ఆకులు పసుపు తిరుగుతాయి. పది డాలర్ల టైమరు పెట్టేయండి.

కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో మిరపకూ వంకాయకూ లైటే మేలు, సందేహం లేదు. ఏప్రిల్ రెండో వారంలో విత్తే దోస, బీర, గోంగూరకు ఎండ బాగా పడే దక్షిణపు కిటికీ సరిపోతుంది. వాటికి ఇంటి లోపల ఉండాల్సిన కాలమూ తక్కువే. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఉన్నవాళ్ళకు ఈ బాధే చాలా వరకు లేదు. ఎండ వెచ్చగా ఉన్న రోజుల్లో నారు బయటే పెట్టుకోవచ్చు.

పైనుంచి నీళ్ళా, అడుగునుంచా?

మొలక ఆకులు వాలగానే చెయ్యి నీళ్ళ చెంబు మీదికి పోతుంది. ఒక్క నిమిషం ఆగి కప్పు ఎత్తి చూడండి. తేలిగ్గా ఉండి ఆకు వాలితే దాహం. బరువుగా ఉండి ఆకు వాలితే వేళ్ళకు గాలి అందడం లేదు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, చెయ్యాల్సింది మాత్రం పూర్తిగా వేరు. రెండోదానికి నీళ్ళు పోస్తే ప్రాణం తీసినట్టే. మిరప ఆకు అడుగున చిన్న చిన్న పొక్కుల్లా లేస్తే, మట్టి మీద నల్లటి చిన్న ఈగలు ముసురుతుంటే, అవీ తడి ఎక్కువైన గుర్తులే. ఈ ఈగలు తేమ మట్టిలో గుడ్లు పెడతాయి. పసుపు జిగురు అట్టలు పెట్టండి, మట్టి పైపొర ఆరనివ్వండి.

పైనుంచి పోస్తే సన్నటి కాండం ఒరుగుతుంది, మట్టి పైభాగం ఎప్పుడూ తడిగా ఉంటుంది, నారుకుళ్ళుకు అదే కావాలి. అడుగున పళ్ళెంలో నీళ్ళు పోసి, కప్పు కింది రంధ్రాల గుండా పీల్చుకోనిచ్చి, ఇరవై ముప్పై నిమిషాల తర్వాత మిగిలింది పారబోస్తే వేళ్ళు కిందికి దిగుతాయి, పైపొర పొడిగా ఉంటుంది. నారుకు ఇదే మేలు. పారబోయడం మరిచిపోయే వాళ్ళకు మాత్రం పైనుంచి కొద్దిగా పోయడమే క్షేమం. రోజంతా నీళ్ళలో నిలబడ్డ కప్పు కంటే అది నయం. ఇంట్లో కఠిన నీటిని మెత్తబరిచే వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్ళు వాడకండి, అందులో సోడియం ఉంటుంది.

కప్పు సైజు కూడా నీళ్ళ సంగతే. వేలెడంత మొలకను పెద్ద ఎర్ర ప్లాస్టిక్ పార్టీ కప్పులో పెడితే ఆ మట్టంతా తడిసి, పీల్చే వేరు లేక రోజుల తరబడి అలాగే ఉంటుంది. ముందు ప్రోట్రే (గడులున్న నారు ట్రే) చిన్న గడిలో మొలిపించి, అసలు ఆకులు, అంటే మొదటి రెండాకుల తర్వాత వచ్చేవి, రెండు జతలు వచ్చాక కప్పుకు మార్చడం మేలు. కప్పు అడుగున రంధ్రాలు మరవకండి.

వెచ్చదనం, మట్టి, ఎరువు

మిరప మొలవడానికి మట్టి 80 నుంచి 85 ఫారన్‌హీట్ ఉంటే ఎనిమిది పది రోజులు చాలు. 68 దగ్గర రెండు వారాలు పడుతుంది, ఇంకా చల్లబడితే నెలకు దగ్గరవుతుంది, ఈలోపు కొన్ని విత్తనాలు కుళ్ళిపోతాయి. అందుకే ట్రే కింద పరిచే కరెంటు హీట్ మ్యాట్ మిరపకు కొనదగ్గ వస్తువు, టమాటాకు అవసరం లేదు. కానీ మొలిచాక మ్యాట్ మీదే ఉంచేస్తే సాగిపోతుంది. సగం పైన మొలకెత్తగానే తీసేసి లైటు కిందికి మార్చండి. మొలక తలకు విత్తనం పెంకు టోపీలా అంటుకుంటే లాగొద్దు. తడి దూదితో కాసేపు నానబెడితే దానంతట అదే ఊడుతుంది.

పెరటి మట్టి నారుకు వద్దు, గట్టిపడుతుంది, శిలీంధ్రాలను మోసుకొస్తుంది. విత్తనాలు మొలిపించడానికి అమ్మే సీడ్ స్టార్టింగ్ మిక్స్‌కూ కొబ్బరి పొట్టుకూ మధ్య అయితే నాకు మిక్సే ఇష్టం. కొబ్బరి పొట్టు మంచిదే, మన నర్సరీలు చాలావరకు ప్రోట్రేల్లో నింపేది అదే. కాకపోతే ఇక్కడ దొరికే ఇటుకను నానబెట్టి ఉప్పు పోయేలా కడగాలి, పోషకాలు విడిగా ఇవ్వాలి. మొదటిసారికి ఆ పని పెట్టుకోకండి.

ఎరువు అసలు ఆకులు వచ్చిన తర్వాతే, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పావు వంతు, వారానికి ఒకసారి. మొదటి రెండు బీజదళాలు కొన్నాళ్ళకు పసుపు తిరిగి రాలడం సహజం. పైన కొత్త ఆకులు పచ్చగా ఉంటే దానికి కంగారు అక్కర్లేదు. ఆకు కొసలు గోధుమ రంగులో మాడితే ఎరువు ఎక్కువైంది. ఆకులు ముడుచుకుంటే ఆకు తిప్పి చూడండి. మన రైతులు చెప్పే గుర్తు ఇంటి లోపలా పనికొస్తుంది: పైముడత తామర పురుగు పని, కింది ముడత నల్లి పని. రెంటికీ ముందు ఆకు అడుగు నుంచి నీళ్ళతో కడిగి, ఆ మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టండి.

మూడో దారి: కొనేయడం

మార్చి దాటిపోయి నారంతా పోయిందంటే మే నెలలో మొక్కలు కొనుక్కోవడమే మేలు. గార్డెన్ సెంటర్లో హలపేన్యో, బెల్ పెప్పర్, టమాటా దొరుకుతాయి. కొన్ని ఇండియన్ స్టోర్ల ముందు పచ్చిమిర్చి, వంకాయ నారు కూడా పెడతారు. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం రూపొందించిన ఎల్‌సీఏ 334 లాంటి గుంటూరు రకమే కావాలంటే మాత్రం విత్తనం తప్పదు. ఆ విత్తనం సూట్‌కేసులో పెట్టుకుని రావద్దు. అమెరికాలోకి విత్తనాలు తేవడానికి ఫైటోశానిటరీ సర్టిఫికెట్టో (తెగుళ్ళు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం), వ్యవసాయ శాఖ పర్మిటో ఉండాలి.  ఇక్కడే భారతీయ రకాలు అమ్మే విత్తన కంపెనీల నుంచి తెప్పించుకోండి.

కొన్న మొక్కనైనా, పెంచిన మొక్కనైనా నేరుగా ఎండలో నాటకండి. వారం పది రోజులు, మొదటి రోజు నీడలో గంట, తర్వాత కొద్దికొద్దిగా ఎండ పెంచుతూ అలవాటు చెయ్యాలి. లైటు కింద పెరిగిన ఆకు తొలి ఎండకే తెల్లగా కాలుతుంది. రాత్రి 55 ఫారన్‌హీట్ కంటే దిగని రోజులు వచ్చాకే మిరపను నేలలో పెట్టండి. మేలో పొరుగువాళ్ళు ముందే నాటేశారని తొందరపడనక్కర్లేదు. చల్లటి నేలలో పెట్టిన మిరప జూన్ దాకా కదలకుండా కూర్చుంటుంది, రెండు వారాలు ఆలస్యంగా నాటింది దాన్ని అందుకుంటుంది.