జపనీస్ రాతకి ఆంకీ, పిల్లల గళ్ల పుస్తకం: రెండేళ్లు వాడాక

జపనీస్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది ఏ యాప్ మంచిదని. నేను ఆంకీ వాడబట్టి రెండేళ్లు దాటింది. మంచిదే, కానీ దానితో అయ్యేది సగం పనే. మిగతా సగానికి స్టేషనరీ షాపులో దొరికే లెక్కల గళ్ల పుస్తకం కావాలి.

ఆంకీ ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రామ్. ముందువైపు పదం కనిపిస్తుంది, గుర్తు తెచ్చుకుని తిప్పి చూసుకోవాలి, వచ్చిందో రాలేదో మనమే నొక్కాలి. తేలిగ్గా వచ్చినవి వారాలు, నెలలు పోయాక మళ్లీ కనబడతాయి. రానివి ఆ రోజే వెంటపడతాయి. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌కి మాత్రం కొనాలి. రోజుకి 20 కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది. ఉద్యోగం చేసుకునేవాళ్లు దాన్ని ఐదుకో ఎనిమిదికో తగ్గించుకోండి. ఇరవై అయితే మొదట్లో హాయిగానే ఉంటుంది, తర్వాత పాతవన్నీ కలిసి మీద పడతాయి. రెండు రోజులు ఊరెళ్లొస్తే యాప్ తెరవాలంటేనే టెన్షన్.

జపనీస్‌లో పలికే శబ్దాన్ని రాసే లిపులు రెండు, హిరగానా, కతకానా. రెండిటినీ కలిపి కానా అంటారు. వీటికి ఆంకీ అంతగా అక్కర్లేదు. ఒక్కోదాంట్లో మూలాక్షరాలు 46. వరస కూడా మనకి కొత్తేం కాదు: అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణక్రమం ప్రభావమే అది. దీర్ఘాలూ ద్విత్వాలూ మనకి పుట్టుకతో వచ్చినవే కాబట్టి ఆ బాధా లేదు. గుణింతం లేకపోవడమే విసుగు. ‘క’కీ ‘కి’కీ ఆకారంలో ఏ పోలికా ఉండదు, దేనికది బట్టీ పట్టాల్సిందే.

చెయ్యి పెట్టకపోతే లొంగనివి కతకానాలో ఉన్నాయి. షి, త్సు చూడండి. రెండిట్లోనూ రెండు పొట్టి గీతలు, ఒక పొడుగు గీత. షిలో పొట్టివి ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీతని కింద నుంచి పైకి లాగాలి. త్సులో పొట్టివి పైన పక్కపక్కన ఉంటాయి, పొడుగుది పై నుంచి కిందికి దిగుతుంది. తెర మీద ఎన్నిసార్లు చూసినా ఒకటే అనిపిస్తాయి. పెన్నుతో ఒక పేజీ నింపితే చెయ్యి తిరిగిన దిక్కే గుర్తుండిపోతుంది. అన్నట్టు, మన పేర్లు కతకానాలో రాసుకోవడం మంచి కాలక్షేపం. అందులో ‘ల’ లేదు, మనలా వత్తులు లేవు. లక్ష్మి కాస్తా రకుషుమీ అవుతుంది.

అసలు పరీక్ష కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోటీ ఒక్కో అర్థాన్నిచ్చే అక్షరాలు. రోజువారీ వాడకానికి జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన జాబితాలోనే 2136 ఉన్నాయి. ఇక్కడ ఆంకీ లేకుండా నేనైతే నిలబడేవాణ్ణి కాదు. కానీ కార్డులు చూసి చూసి ఒక భ్రమ పుడుతుంది. పక్కనున్న వాక్యాన్ని బట్టి జవాబు చెప్పేస్తూ, అక్షరమే వచ్చేసిందనుకుంటాం. ఎదురుచూడటానికి రాసే ‘మత్సు’, చేత్తో పట్టుకోవడానికి రాసే ‘మొత్సు’ తీసుకోండి. రెండిటి కుడి భాగం ఒకటే, గుడి అనే కాంజీ. తేడా అంతా ఎడమ పక్కనే: మొదటిదానికి నడకకి సంబంధించిన గుర్తు, రెండోదానికి చెయ్యి గుర్తు. కార్డుల్లో గబగబా దాటేసే ఈ ముక్క, గడిలో కూర్చోబెట్టి రాసేటప్పుడు తప్పించుకోదు.

గీతల వరస కూడా చేతికే వస్తుంది. కుడి, ఎడమ అనే కాంజీల పైభాగం దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కానీ కుడికి వాలు గీత ముందు, ఎడమకి అడ్డగీత ముందు. ఆండ్రాయిడ్ ఆంకీలో వేలితో గీసుకునే వైట్‌బోర్డ్ ఉంది, బస్సులో పనికొస్తుంది. అయితే గీసినదాన్ని అది దిద్దదు, తప్పొప్పులు మనమే చూసుకోవాలి. అందుకే ఇంట్లో ఉంటే నేను దాని జోలికి పోను. కార్డు ముందువైపు కానాలో పదం, తెలుగులో అర్థం పెడతాను. కాంజీని గళ్ల పుస్తకంలో రాశాకే తిప్పుతాను.

జపనీస్ ఎంతవచ్చో తేల్చే పరీక్ష జేఎల్‌పీటీ కోసమే చదివేవాళ్లకి ఇంత రాత అవసరం లేదు. అందులో అన్నీ ఆప్షన్లు ఎంచుకునే ప్రశ్నలే, చేత్తో రాసేది ఏమీ ఉండదు. ఫోన్లో, కంప్యూటర్లో కానా కొడితే కాంజీలు అవే వరసగా వస్తాయి, సరైనది గుర్తుపడితే చాలు. అలాంటివాళ్లు హిరగానా, కతకానా మొత్తం చేత్తో రాసి, కాంజీల్లో ఒకదానితో ఒకటి కలిసిపోయే జంటలకి మాత్రం గళ్ల పుస్తకం తీస్తే సరిపోతుంది.