43 అంగుళాల స్మార్ట్ టీవీ, 2020 నుంచి వాడుతున్నాం: ప్యానెల్ బంగారం, సాఫ్ట్‌వేర్ నరకం

లాక్‌డౌన్ ఏడాది చివర్లో కొన్నాం, 43 అంగుళాలు, 4కె, 2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే మా చుట్టాల ఇళ్లల్లో వేరే బ్రాండ్లు ఉన్నాయి, అక్కడా ఇదే గోల. ముందు మంచి చెప్పేస్తా. ప్యానెల్‌కి వంక పెట్టలేం. ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు, రంగులు వెలవలేదు, కరెంటు ఎన్నిసార్లు పోయొచ్చినా ఏం కాలేదు, సౌండ్ మా హాలుకి సరిపోద్ది.

బాధంతా సాఫ్ట్‌వేర్‌తోనే. కొత్తల్లో ఆన్ చేస్తే మనం పెట్టుకున్న యాప్‌లు వరసగా కనపడేవి, అంతే. తర్వాత ఒక అప్‌డేట్ వచ్చింది, మేం అడగలేదు, రాత్రికి రాత్రి దానంతటదే ఎక్కేసింది, పొద్దున చూస్తే స్క్రీన్ పై సగమంతా పెద్ద బ్యానర్, అందులో ఏదో సిరీస్ ట్రైలర్, అదీ సౌండ్‌తో సహా. మన యాప్‌లేమో కిందెక్కడో. డబ్బులు పోసి కొన్నది మేము, కరెంటు బిల్లు కట్టేది మేము, మా హాల్లో గోడ మీద యాడ్ వేసుకునే హక్కు వాళ్లకెవరిచ్చారు? కొనేటప్పుడు అట్టపెట్టె మీద యాడ్స్ వస్తాయని ఒక్క ముక్క లేదు.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది అమ్మ. ఆవిడకి కావాల్సింది సెట్‌టాప్ బాక్స్‌లో వార్తలు, సాయంత్రం సీరియళ్లు. ఇదివరకు ఆన్ చేస్తే నేరుగా హెచ్‌డీఎంఐకే, అంటే సెట్‌టాప్ బాక్స్ తగిలించిన చోటుకే వెళ్లేది. ఆ అప్‌డేట్ తర్వాత ప్రతిసారీ హోమ్ దగ్గరే ఆగుతుంది, అది కూడా ఆ బ్యానర్ మీదే, అలవాటుగా ఓకే నొక్కితే సబ్‌స్క్రిప్షన్ పేజీ తెరుచుకుంటది. రిమోట్ మీద ఓటీటీ బటన్లు వరసగా ఉంటాయి, వాటిల్లో మేం డబ్బు కట్టేది ఒక్కదానికే, చెయ్యి తగిలితే చాలు ఎటో వెళ్లిపోద్ది. "ఒరేయ్, టీవీ మళ్లీ ఏదో అడుగుతుందిరా" అని నేను ఆఫీసులో ఉండగా ఫోన్. అడిగేది ఇంగ్లిష్‌లో, "ఒప్పుకుంటున్నా" అనే బటనేమో పెద్దగా నీలం రంగులో, "తర్వాత" అనేది సన్నగా కనీకనపడని బూడిద రంగులో. ఆవిడ పెద్దదే నొక్కుతుంది, ఎవరైనా అదే నొక్కుతారు, అలా నొక్కాలనే కదా అట్లా పెట్టింది.

ఆ ఒప్పుకోమనే పేజీలో ఏముందో ఓ ఆదివారం కూర్చుని చదివా. తెర మీద ఏం నడుస్తుందో టీవీ గమనించి పంపుతుందంట. ఏసీఆర్ అంటారు దీన్ని, బొమ్మ నుంచో సౌండ్ నుంచో వేలిముద్ర లాంటిది తీసి సర్వర్‌లో పోల్చి ఏ ప్రోగ్రామో కనిపెడతారు, యాప్‌లే కాదు సెట్‌టాప్ బాక్స్‌లో చూసేది కూడా పట్టగలదు. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 1.1 కోట్ల టీవీల్లో జనానికి చెప్పకుండా ఇదే చేసిందని అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెడితే 2017లో 22 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. మీ టీవీ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద చూడండి, చూసే డేటా గురించి ఏ ఆప్షన్ ఉన్నా ఆపేయండి.

స్పీడ్ గురించి చెప్పేదేముంది, 8 జీబీలో సిస్టం తినగా మిగిలేది కొంచెమే, యాప్‌లేమో ఏటికేడు బరువెక్కుతాయి. కస్టమర్ కేర్‌కి ఎప్పుడు చేసినా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి అంటారు, అక్కడితో సరి. మన దేశంలో 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే మనల్ని మాయచేసి నొక్కించే డిజైన్ ఎత్తుల మీద మార్గదర్శకాలు వచ్చాయి, 13 రకాలు రాశారు, పదేపదే విసిగించడం, యాడ్‌ని యాడ్ అని తెలీకుండా చూపించడం రెండూ అందులో ఉన్నాయి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, ఎంతమంది ఫిర్యాదు చేస్తే అంత మంచిది.

చివరికి నేను చేసిందేంటంటే రీసెట్ కొట్టి, సెటప్‌లో వైఫై అడిగితే స్కిప్ చేశా. బ్యానర్ ఖాళీ అయిపోయింది, టీవీ కూడా కాస్త తేలికపడింది. ఓటీటీకి విడిగా స్టిక్ (టీవీ వెనక గుచ్చే చిన్న పరికరం) పెట్టా, దాంట్లోనూ యాడ్స్ ఉంటాయి గానీ నచ్చకపోతే పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, టీవీ మార్చక్కర్లేదు. రిమోట్‌లో ఇన్‌పుట్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించా, అమ్మ ఇప్పుడు అదొక్కటే నొక్కి తన ఛానల్‌కి వెళ్లిపోతుంది.

కొత్తగా కొనేవాళ్లు షాపులో డెమో వీడియో చూసి ఊరుకోకండి. నెట్ లేకుండా ఆన్ చేయించండి, ఆన్ అవగానే హెచ్‌డీఎంఐకి వెళ్లే సెట్టింగ్ ఉందా అని అడగండి, సేల్స్ అబ్బాయి తెలీదంటే రిమోట్ తీసుకుని మీరే వెతకండి.